‘సర్కమ్‌స్పెక్ట్‌లీ’ నడవడం అంటే?

కింగ్ జేమ్స్ ఇంగ్లిషు బైబిలు చదివే మన యవనస్థులు ఎఫెసీ 5:15 దగ్గర తడబడతారు. ‘సర్కమ్‌స్పెక్ట్‌లీ’ నడవాలని అక్కడుంది. మామూలు సంభాషణలో వినబడని మాట. లాటినులో ‘సర్కమ్’ అంటే చుట్టూ, ‘స్పెకెరె’ అంటే చూడడం. నలువైపులా చూసుకుంటూ అని అర్థం. 1611లో కింగ్ జేమ్స్ బైబిలు అచ్చు కాకముందే విలియం టిండేల్ తన తర్జుమాలో ఈ మాట వాడాడు.

గ్రీకులో పౌలు వ్రాసింది మాత్రం ‘అక్రిబోస్’. అందులో ‘చుట్టూ’ లేదు, భయం అసలే లేదు. నిక్కచ్చిగా, తూచి చూసినట్టుగా అని దాని భావం. శిశువును గూర్చి ఎలా విచారించాలో హేరోదు జ్ఞానులకు చెప్పినప్పుడు (మత్తయి 2:8), లూకా తాను సంగతులన్నీ ఎలా పరిశోధించాడో చెప్పినప్పుడు (లూకా 1:3), అపొల్లో బోధను వర్ణించినప్పుడు (అపొ. కార్యములు 18:25) వచ్చేదీ ఇదే మాట. కింగ్ జేమ్స్ అనువాదకులు అన్నిచోట్లా ఒకే మాట వాడలేదు గనుక ఇంగ్లిషు పాఠకునికి ఈ చుట్టరికం కనబడదు. హేరోదు ఉద్దేశం దుష్టమైనదే. అయినా అతడు కోరినంత నిక్కచ్చితనం మన భక్తిలో ఉందా?

మన తెలుగు బైబిలులో ‘జాగ్రత్తగా’ అని ఉంది. అది నడవడానికి కాక చూచుకోవడానికి చేర్చారు. ప్రాచీన గ్రీకు ప్రతుల్లోనే ఈ మాట స్థానం మారుతుంది, కాబట్టి దానికి తప్పు పట్టనక్కరలేదు. నాకైతే ఇంగ్లిషు మాటకంటే మనదే ఇష్టం. సంస్కృతంలో ‘జాగ్రత్’ అంటే మెలకువగా ఉన్న స్థితి. పై వచనంలోనే నిద్రిస్తున్నవానికి మేలుకొమ్మనే పిలుపు ఉంది కదా!

అయితే సంఘాల్లో ‘జాగ్రత్త’కు వేరే అర్థం స్థిరపడింది. కానుకల లెక్క తేలకపోతే, ‘జాగ్రత్త, బయటివారికి తెలిస్తే సంఘం పరువు పోతుంది’ అంటాం. ఒక సహోదరి ఇంట్లో దెబ్బలు తింటున్నానని చెప్పుకుంటే, ‘జాగ్రత్తమ్మా, ఎవరితో అనకు, ప్రార్థన చేసుకో’ అని పంపేస్తాం. దానికి ఈ వచనాన్నే ఆధారంగా చూపేవారూ ఉన్నారు. వారు నాలుగు వచనాలు వెనక్కి వెళ్లాలి. చీకటి క్రియల్లో పాలు పంచుకోవద్దనడంతో పౌలు ఆగలేదు, వాటిని ఖండించమన్నాడు. అక్కడి గ్రీకు మాటకు బయటపెట్టడం అనే భావం కూడా ఉంది. 15వ వచనం గ్రీకులో ‘కాబట్టి’ అంటూ దాని వెనకే వస్తుంది.