మధుమేహ రోగికి నర్సింగ్ సంరక్షణ ప్రణాళిక: రోగి దినచర్యే ఆధారం

1. ప్రవేశిక

మధుమేహం ఒక్క అవయవానికి పరిమితమైన వ్యాధి కాదు. రక్తంలో గ్లూకోజు ఏళ్ల తరబడి అధికంగా ఉంటే రక్తనాళాలు, నాడులు దెబ్బతింటాయి. కన్ను, మూత్రపిండం, గుండె, పాదం వాటి ఫలితాన్ని అనుభవిస్తాయి. భారతీయ వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్లమంది మధుమేహంతో జీవిస్తున్నారు. రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలో వైద్యుడు నిర్ణయిస్తాడు. ఆ మందు రోగి తిండికీ, పనికీ, నిద్రకూ ఎలా పొసగుతుందో గమనించే అవకాశం నర్సుకే ఎక్కువ. ఆ గమనింపునకు లిఖితరూపమే సంరక్షణ ప్రణాళిక. పాఠ్యపుస్తకంలోని పట్టికను నింపినంత మాత్రాన అది పూర్తికాదనీ, రోగి దినచర్యను ఆధారం చేసుకొన్నప్పుడే ప్రాణాన్నీ పాదాన్నీ కాపాడగలుగుతుందనీ వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నర్సింగ్ ప్రక్రియ: నేపథ్యం

రోగి తక్షణావసరాన్ని గుర్తించి, అతనితోనే నిర్ధారించుకొని నర్సు వ్యవహరించాలని 1961లో ఐడా జీన్ ఓర్లాండో ప్రతిపాదించారు. తన ఆరోగ్యాన్ని తాను చూసుకొనే శక్తి లోపించినచోట నర్సింగ్ అవసరమవుతుందని 1971లో డొరోథియా ఓరెమ్ వివరించారు. నర్సింగ్ నిర్ధారణల వర్గీకరణ కోసం తొలి జాతీయ సమావేశం 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగింది. అంచనా, నిర్ధారణ, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం అనే ఐదు దశల క్రమం నేడు అంతటా బోధనలో ఉంది. మధుమేహం విషయంలో ఈ ఐదింటిలో మొదటి దశ బలహీనమైతే మిగిలిన నాలుగూ కాగితానికే పరిమితమవుతాయి.

3. అంచనా: నమూనా రోగి

విశదీకరణ కోసం ఒక నమూనా రోగిని ఊహించుకొందాం. అతడు 58 ఏళ్ల కౌలురైతు. పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది. కుడి కాలి బొటనవేలి కింద, అరికాలిలో 2 సెంటీమీటర్ల పుండుతో ఆసుపత్రిలో చేరాడు. గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ 10.4 శాతం, సీరమ్ క్రియాటినిన్ 1.9 మిల్లీగ్రాములు. చూపు మసకబారింది. వైద్యుడు మాత్రల స్థానంలో రోజుకు రెండుసార్లు, భోజనానికి అరగంట ముందు మిశ్రమ ఇన్సులిన్ సూచించాడు.

ఈ వివరాలన్నీ కేసు షీటులో ఉంటాయి. అందులో లేనివి రోగిని అడిగి తెలుసుకోవాలి. "పొద్దున ఎన్నింటికి లేస్తారు? మొదటి ముద్ద ఎన్నింటికి తింటారు?" అని అడిగితే, తెల్లవారుజామున టీ తాగి పొలానికి వెళ్తాడనీ, పది గంటలకు గాని అన్నం తినడనీ తెలుస్తుంది. పొలంలో చెప్పులు విడిచి నడుస్తాడు. శనివారం ఒంటిపూట ఉంటాడు. సిరంజి మీది గీతలు అతనికి కనిపించవు. ఇంట్లో ఇన్సులిన్ ఇవ్వవలసింది భార్య.

రోగి మాటలు కూడా అంచనాకు ఆధారాలే. తిమ్మిరి, మంట, చీమలు పాకినట్లు ఉండటం, కాలు మొద్దుబారడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం మొదలైనవన్నీ నాడులు దెబ్బతిన్న తీరును తెలిపే వాక్కులు. "పుండు ఉంది గాని నొప్పి లేదు" అన్నమాట ఊరటనిచ్చేది కాదు. రక్షణనిచ్చే స్పర్శ పోయిందనడానికి అది సంకేతం. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో ఆ విషయాన్ని రూఢి చేసుకోవాలి. పాదంలోని నాడీస్పందనను చేతితో పరీక్షించాలి. చీలమండ, భుజాల రక్తపోటు నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే రక్తప్రసరణ లోపాన్ని అనుమానించాలి. దీర్ఘకాలిక మధుమేహంలో ధమనులు గట్టిపడి ఆ నిష్పత్తి లేనిపోని ఎక్కువ చూపవచ్చు కాబట్టి, అంకె బాగుందని నిశ్చింతగా ఉండరాదు.

4. నిర్ధారణలు, ప్రాధాన్యక్రమం

'మధుమేహం' వైద్య నిర్ధారణ. నర్సింగ్ నిర్ధారణ సమస్యను, కారణాన్ని, ఆధారాన్ని ఒకే వాక్యంలో చెబుతుంది. సమస్య ఇంకా తలెత్తక ముప్పుగా మాత్రమే ఉన్నప్పుడు దానికి దారితీసే కారణాలను పేర్కొంటుంది. ఈ రోగికి ముఖ్యమైనవి మూడు.

అ) ఇన్సులిన్ వేళకూ భోజన వేళకూ పొంతన లేకపోవడం, మూత్రపిండాల బలహీనత కారణంగా రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే ముప్పు.
ఆ) స్పర్శ లోపించడం, పాదరక్షలు లేకుండా నడవడం కారణంగా కణజాలం దెబ్బతినడం; అరికాలి పుండు దీనికి ఆధారం.
ఇ) చూపు మందగించడం, కుటుంబానికి శిక్షణ లేకపోవడం కారణంగా స్వీయసంరక్షణలో లోపం, సిరంజిలో మోతాదు తీయలేకపోవడం దీనికి ఆధారం.

కంటికి కనిపించేది పుండు కాబట్టి దానికే మొదటి స్థానం ఇవ్వాలనిపిస్తుంది. కాని పుండు ముదరడానికి రోజులు పడుతుంది. చక్కెర పడిపోతే కొద్దిసేపట్లోనే స్పృహ తప్పవచ్చు. దెబ్బతిన్న మూత్రపిండాలు ఇన్సులిన్‌ను త్వరగా తొలగించలేవు. పైగా పుండులోని ఇన్ఫెక్షన్ తగ్గేకొద్దీ శరీరానికి కావలసిన ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. ఆసుపత్రిలో సరిపోయిన మోతాదే ఇంటికి వెళ్లాక ఎక్కువ కావచ్చు. అందువల్ల మొదటి స్థానం (అ) నిర్ధారణకే.

5. లక్ష్యాలు, చర్యలు

"రోగికి అవగాహన కలుగుతుంది" అనేది కొలవడానికి వీలులేని లక్ష్యం. "డిశ్చార్జికి ముందు రోగి భార్య వరుసగా మూడుసార్లు సరైన మోతాదు తీసి చూపుతుంది" అనేది కొలవదగిన లక్ష్యం. ప్రణాళికలోని ప్రతి లక్ష్యాన్నీ ఈ రెండో పద్ధతిలో రాయాలి.

5.1 చక్కెర పడిపోకుండా: పది గంటల భోజనం సంగతి, ఒంటిపూటల సంగతి వైద్యునికి తెలియజేయాలి. భోజన వేళ మార్చుకోవాలా, ఇన్సులిన్ పద్ధతి మార్చాలా అన్నది రోగి, వైద్యుడు కలిసి నిర్ణయించాలి. చెమట, వణుకు, గుండెదడ, కళ్లు బైర్లు కమ్మడం మొదలైన లక్షణాలను కుటుంబానికి తెలపాలి. గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు, లేదా టీ చెంచాతో మూడు చెంచాల చక్కెర కలిపిన నీరు ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

5.2 పాదసంరక్షణ: కట్టు మార్చినంత మాత్రాన అరికాలి పుండు మానదు. దానిపై భారం తొలగించడమే చికిత్సలో కీలకం. రైతుకు "నడవకండి" అని చెబితే చాలదు. ఆ పంటకాలంలో అతని పని ఎవరు చేస్తారో కుటుంబంతో మాట్లాడాలి. మానిన తర్వాత కొలతకు తగిన మెత్తని ఎమ్.సి.ఆర్. చెప్పులు ధరించాలి. రోజూ పాదం అడుగుభాగాన్ని భార్య చూడాలి. వేళ్ల సందులు తడిలేకుండా తుడవాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. పసరు, పసుపు వంటివి పెడుతున్నారేమో గద్దించకుండా అడిగి తెలుసుకోవాలి.

5.3 ఇన్సులిన్ మోతాదు: మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు ఉన్న ఇన్సులిన్లు రెండూ వాడుకలో ఉన్నాయి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజితో 20వ గీత వరకు తీస్తే శరీరంలోకి వెళ్లేది 50 యూనిట్లు. 40 యూనిట్ల ఇన్సులిన్‌ను 100 యూనిట్ల సిరంజితో అదే గీత వరకు తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. మొదటి పొరపాటు ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి మందుల దుకాణంలో సీసాపై అంకె, సిరంజిపై అంకె ఒకటేనా అని సరిచూసుకోవడాన్ని శిక్షణలో భాగం చేయాలి.

6. మూల్యాంకనం

నేర్పినది తిరిగి చెప్పించుకోవాలి, చేయించి చూడాలి. "అర్థమైంది" అనే సమాధానాన్ని ఫలితంగా నమోదు చేయరాదు. పుండు పొడవు, వెడల్పు, లోతు వారం వారం కొలవాలి. నాలుగు వారాల్లో వైశాల్యం సగమైనా తగ్గకపోతే రక్తప్రసరణను, ఇన్ఫెక్షన్‌ను, భారం తొలగింపును మళ్లీ పరిశీలించాలి. జ్వరం, దుర్వాసన, ఎరుపు వ్యాపించడం, నల్లబడటం కనిపిస్తే గడువు కోసం ఆగకుండా రావాలని రాసి ఇవ్వాలి. ఆ కాగితం పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి. గ్రామంలోని ఆశా కార్యకర్తకు కూడా ఆ సమాచారం అందితే ప్రణాళిక ఆసుపత్రి గడప దాటుతుంది.

7. ముగింపు

పై నమూనాలో ముప్పును బయటపెట్టినది ప్రయోగశాల నివేదిక కాదు, భోజన వేళ గురించిన ప్రశ్న. సంరక్షణ ప్రణాళికలో వైద్య సమాచారంతో సమానంగా దినచర్యకూ రోగి పలుకుబడికీ చోటు ఉండాలనడానికి ఇదే ఆధారం. మధుమేహ లక్షణాలను తెలుగువారు వివిధ ప్రాంతాల్లో ఏయే మాటలతో చెప్పుకొంటారో సేకరించి వర్గీకరిస్తే, అది నర్సింగ్ బోధనకూ భాషాధ్యయనానికీ ఉపకరించే పరిశోధన అవుతుంది. ఆ పదసంపద నర్సు చేతిలో ఉంటే, "నొప్పి లేదు" అన్న మాట విన్నప్పుడే పాదాన్ని పరీక్షించడం మొదలవుతుంది.