చెవితో మొదలయ్యే నాట్యం: జాజ్ డాన్స్‌పై అపోహలు – వాస్తవాలు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే నడుపుకునే డాన్స్ క్లబ్బులు చాలా ఉంటాయి. సెమిస్టర్ మొదట్లో ఆడిషన్లు పెడతారు. ఎంపికైన వాళ్లలో ఒకమ్మాయి పాట ఎంచుకుని రొటీన్ కూరుస్తుంది. క్లాసులయ్యాక రాత్రిపూట తోటి వాళ్లకు నేర్పుతుంది. సెమిస్టర్ చివర అందరితో కలిసి వేదికెక్కుతుంది. నేర్చుకునేదీ, కూర్చేదీ, నేర్పేదీ ఆ ఇరవయ్యేళ్ల పిల్లే! చిన్నప్పుడు కూచిపూడో భరతనాట్యమో నేర్చుకుని పై చదువులకు వెళ్లిన తెలుగు పిల్లలూ ఈ క్లబ్బుల్లో కనిపిస్తారు. జాజ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామందికి కొన్ని గట్టి నమ్మకాలు అడ్డు తగులుతాయి. వాటిలో ఎక్కువ భాగం నేర్చుకోవడాన్ని కష్టం చేసేవి. ఒకటి మాత్రం చరిత్రకే అన్యాయం చేస్తుంది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: బ్యాలేకి కాస్త హుషారు కలిపితే జాజ్.

క్లాసులో కూర్చుని చూస్తే నిజమేననిపిస్తుంది. ప్లియే, పిరువెట్, షాసే అంటూ సగం పేర్లు ఫ్రెంచివే. అయితే ఆ పేర్లు తర్వాత వచ్చి చేరాయి. అసలు కదలిక పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల ఒంట్లో దాగి అమెరికా తీరం చేరింది. 1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. మరుసటి ఏడాది అక్కడ చేసిన చట్టం వాళ్లు డప్పులు వాడకూడదంది. డప్పు అందని చోట తొడలు, ఛాతీ, అరచేతులు, పాదాలే వాయిద్యాలయ్యాయి. జూబా అనే ఆట అలాంటిదే. ఒంటినే మోగించే ఆ సంప్రదాయం నుంచి జాజ్ దాకా తెగని దారం ఉంది.

1923లో బ్రాడ్‌వేకి వచ్చిన నల్లజాతి కళాకారుల ప్రదర్శన ‘రన్నిన్ వైల్డ్’ చార్ల్‌స్టన్ ఆటను దేశమంతా పాకించింది. 1926లో హార్లెమ్‌లో సవాయ్ బాల్‌రూమ్ తెరిచారు. జాతి వివక్ష రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేలమీద ఆడిన చోటది. లిండీ హాప్ అనే ఆటకు పేరొచ్చిందీ, ఫ్రాంకీ మానింగ్ లాంటి మేటి ఆటగాళ్లు ఎదిగిందీ అక్కడే. మోకాళ్లు వంచి బరువు నేలకు దించడం, తల, భుజాలు, పక్కటెముకలు, నడుము దేనికది పలకడం, బీటు మీద కాక బీటుకీ బీటుకీ మధ్య అడుగు వేయడం: జాజ్‌కు ప్రాణమైన ఇవన్నీ ఆ నల్లజాతి సంప్రదాయం నుంచి వచ్చినవే. మానవశాస్త్రం చదివిన నర్తకి కేథరిన్ డనమ్ 1930ల మధ్యలో హైతీ, జమైకా వంటి కరీబియన్ దీవులకు వెళ్లి అక్కడి ఆటలను అధ్యయనం చేసి, తనదైన శిక్షణ పద్ధతిని నిర్మించారు.

మన వాళ్లకు తెలియాల్సిన మరో పేరు జాక్ కోల్. నాటక, సినిమా జాజ్‌కు ఆద్యుడిగా చెప్పే ఈ అమెరికన్ భరతనాట్యం నేర్చుకుని, ఆ ముద్రలనూ అడుగులనూ స్వింగ్ సంగీతానికి కలిపి నైట్‌క్లబ్బుల్లో ఆడాడు. 1953లో ‘జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్’ సినిమాలో మార్లిన్ మన్రో వజ్రాల పాటకు నాట్యం కూర్చింది ఆయనే. అరమండి అలవాటున్న పిల్లకు జాజ్‌లోని వంగిన మోకాలు మరీ పరాయిగా ఉండదు. కానీ ఈ శైలికి పునాది వేసిన నల్లజాతి కళాకారుల పేర్లు చెప్పకుండా జాజ్ నేర్పడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. మొదటి క్లాసులో పది నిమిషాలు దీనికి కేటాయించలేనంత తొందర ఎవరికీ ఉండదు.

అపోహ: జాజ్ డాన్స్ అంటే జాజ్ సంగీతానికే ఆడాలి.

ఒకప్పుడు అంతే. 1940లలో దారులు వేరయ్యాయి. బీబాప్ అనే కొత్త శైలి వచ్చాక జాజ్ కూర్చుని వినే సంగీతంగా మారసాగింది. దానికి తోడు 1944లో అమెరికా ప్రభుత్వం డాన్స్ సాగే క్లబ్బుల మీద 30 శాతం పన్ను వేసింది. తర్వాత 20కి తగ్గించినా, డాన్స్ ఫ్లోరు మూసేసి వాయిద్యాలతో సరిపెట్టుకోవడమే చాలామంది యజమానులకు లాభమనిపించింది. జాజ్ డాన్స్ మాత్రం బ్రాడ్‌వేకి, సినిమాలకి, స్టూడియోలకి సాగిపోయి సోల్, పాప్, ఫంక్ ఏది దొరికితే దానికి ఆడింది. ఇవాళ విద్యార్థి పాప్ పాట ఎంచుకుంటే తప్పేమీ లేదు.

అయినా స్వింగ్ వినకుండా జాజ్ కూర్చడం మొదలుపెట్టొద్దని నా సలహా. స్వింగ్‌లో బీటు సమానంగా సగం కాదు. మొదటి ముక్క పొడుగు, రెండోది పొట్టి. ఆ కుంటు నడక ఒకసారి ఒంటబడితే పాప్ పాటకు వేసే అడుగు కూడా మారిపోతుంది. లెక్క మారే పాటలూ వినాలి. డేవ్ బ్రూబెక్ జాజ్ బృందం 1959లో రికార్డు చేసిన ‘టేక్ ఫైవ్’ ఐదు బీట్ల ఆవర్తం. ఎనిమిది లెక్కకు అలవాటుపడ్డ వాళ్లు అక్కడ తడబడతారు. ఖండచాపు తెలిసిన మన పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

అపోహ: కాలు చెవిదాకా లేవనిదే జాజ్ రాదు.

లుయీజీగా పేరుపొందిన డాన్సర్ యూజీన్ లూయిస్ ఫచూటో 1946లో కారు ప్రమాదానికి గురయ్యాడు. ఒంట్లో ఒకవైపు చచ్చుబడింది. తనను తాను కదిలించుకోవడానికి అల్లుకున్న కసరత్తులే తర్వాత ప్రపంచమంతా నేర్చుకునే జాజ్ శిక్షణ పద్ధతి అయ్యాయి. అతడు ఆ స్థితి నుంచి కోలుకుని హాలీవుడ్ సినిమాల్లో ఆడాడు, న్యూయార్క్‌లో దశాబ్దాలు నేర్పాడు. కొరియోగ్రాఫర్ బాబ్ ఫాసీ సంగతీ అలాంటిదే. లోపలికి తిరిగిన మోకాళ్లు, ముందుకు వాలిన భుజాలు, నెత్తిన టోపీ: తన శరీరానికున్న పరిమితుల్నే ఆయన శైలిగా మలిచాడు.

ఇంకొక మాట. క్లాసుకు రాగానే చల్లటి ఒంటితో నేలమీద కూర్చుని స్ప్లిట్‌లోకి సాగడం చాలామందికి అలవాటు. ఒకే భంగిమలో నిమిషానికి మించి సాగదీస్తే ఆ కండరం బలం కాసేపు తగ్గుతుంది. గెంతబోయే ముందు అది పనికిరాదు. ముందు నడక, చిన్న గెంతులు, కీళ్లు తిప్పడం. గట్టి సాగదీతలు క్లాసు ముగిశాక.

అపోహ: ఎవరూ వేయని స్టెప్పు కనిపెడితేనే కొరియోగ్రఫీ.

ఈ నమ్మకం వల్లే తొలిసారి కూర్చేవాళ్లు అద్దం ముందు నిలబడి, ఏమీ తోచక ఏడుపు ముఖం పెడతారు. జాజ్ స్క్వేర్, కిక్ బాల్ చేంజ్, పా ద బురే, రెండు మూడు రకాల తిరుగుళ్లు. అనుభవమున్న కొరియోగ్రాఫర్లూ ఎక్కువగా వాడేది ఈ సరుకే. కొత్తదనం ఎక్కడ ఆడారు, ఎప్పుడు ఆగారు, ఎవరు ఎవరి వెనక వచ్చారు అన్నదాంట్లో ఉంటుంది.

కదలకుండా కూర్చుని పాట వినడంతో పని మొదలవ్వాలి. కాగితం మీద ఎనిమిదేసి కౌంట్లకు ఒక్కో గీత గీయండి. నిమిషానికి 120 బీట్ల పాటైతే ఒక ఎనిమిది అంటే 4 సెకన్లు, రెండు నిమిషాల రొటీన్ అంటే 30 ఎనిమిదులు. ఆ ముప్పై గీతల మీద డ్రమ్ము ఎక్కడ విరిగింది, గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంది, ట్రంపెట్ ఎక్కడ అరిచింది గుర్తుపెట్టండి. స్టెప్పులు వెతుక్కోవాల్సిన చోట్లు అప్పుడు పదికి మించవు. మిగతావి ఉన్న వరుసలకే రూపాంతరాలు: అదే వరుసను ఎదురు దిక్కుకు తిరిగి, నేలకు దగ్గరగా, సగం వేగంతో, రెండో వరుసవాళ్లు నాలుగు కౌంట్లు ఆలస్యంగా మొదలుపెట్టి. ఒక ఎనిమిది మొత్తం అందరినీ కదలకుండా నిలబెట్టే ధైర్యం కూడా ఉండాలి. కొత్తవాళ్లు ప్రతి కౌంటునూ నింపేస్తారు, దాంతో ఏ కౌంటూ వినబడదు.

అపోహ: బాగా ఆడేవాళ్లు బాగా నేర్పుతారు.

ఆడేవాళ్ల ఒంటికి తెలిసినది చాలాసార్లు వాళ్ల నోటికి తెలియదు. “ఇలా చెయ్యండి” అని నాలుగుసార్లు చేసి చూపిస్తారు. చూసేవాళ్లకు మాత్రం బరువు ఏ కాలి మీద ఉందో అర్థం కాదు. జాజ్‌లో తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ముందు పాదాలు, బరువు మారే చోటు, తర్వాత మొండెం, చేతులు చివర. రెండు ఎనిమిదులు నేర్పి మొదటి నుంచి కలిపి ఆడించి, ఆ తర్వాతే మూడోది.

“ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్” అని అంకెలు అరిస్తే సమయం తెలుస్తుంది, ఊపు తెలియదు. “డా... డడా, హా!” అని నోటితో పలికితే విరుపు ఎక్కడుందో చెవికి అందుతుంది. నట్టువాంగం వింటూ పెరిగిన పిల్లకు ఇది పుట్టినింటి విద్య. సిగ్గుపడకుండా వాడుకోవాలి.

రిహార్సల్స్‌లో ప్రతిసారీ పూర్తి బలంతో ఆడాలనేది కూడా పొరపాటే. చేతివేళ్లతో, చిన్న కదలికలతో రొటీన్‌ను గుర్తుచేసుకోవడాన్ని ‘మార్కింగ్’ అంటారు. ఎడ్వర్డ్ వార్బర్టన్ బృందం బ్యాలే విద్యార్థులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, అలా మార్క్ చేసుకున్న వాళ్లు తర్వాత మెరుగ్గా ఆడారు. మెదడు ఒకేసారి గుర్తుపెట్టుకోవడం, గెంతడం రెండూ మోయనక్కర్లేకపోవడమే కారణమని వాళ్ల వివరణ. పరీక్షల మధ్య, రాత్రి పదింటికి వచ్చి ఆడే విద్యార్థులకు ఇది పెద్ద ఊరట.

అద్దం మీద పూర్తిగా ఆధారపడనివ్వకండి. ప్రదర్శన దగ్గరపడే ముందే అద్దానికి వీపు పెట్టించి ఆడించండి. ముందు వరుసనూ వెనక వరుసనూ మార్చండి. ఎప్పుడూ వెనక నిలబడేవాళ్లకు ముందువాళ్లను చూసి కదలడమే వస్తుంది. భంగిమ సరిచేయడానికి ఎవరినైనా తాకేముందు అడగండి.

అపోహ: నాలుగు స్టెప్పులు మారిస్తే రొటీన్ మన సొంతం.

ఇన్ని మారిస్తే చాలని ఏ చట్టంలోనూ లేదు. అమెరికాలో 1976 నాటి కాపీరైట్ చట్టం కొరియోగ్రఫీని రక్షిత రచనగా గుర్తించింది. విడి స్టెప్పులకు, చిన్న చిన్న వరుసలకు, జనం సరదాగా ఆడుకునే ఆటలకు ఆ రక్షణ లేదు. కిక్ బాల్ చేంజ్ ఎవరి ఆస్తీ కాదు గానీ, ఒకరు కూర్చిన మొత్తం రొటీన్ వాళ్లదే. బియాన్సే ‘సింగిల్ లేడీస్’ నాట్యం కూర్చిన జక్వెల్ నైట్ దాన్ని కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించుకున్నాడు. మన దేశంలోనూ 1957 చట్టం, రాతలోనో మరో విధంగానో స్థిరపరచిన కొరియోగ్రఫీని నాటక రచనల కింద చేర్చింది.

స్టూడియోలో నేర్చుకున్న వరుసను క్లబ్బులో నేర్పాలనుకుంటే ఆ టీచర్‌ను ఒకమాట అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. వాళ్లు సరేనన్నాక ప్రదర్శన రోజు పంచే కాగితంలో వాళ్ల పేరు వేయండి. వీడియో ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు పాట హక్కుల సంగతి వేరుగా చూసుకోవాలి.