మీకు తెలుసా? వంశావళిలో ఆ నలుగురు స్త్రీలు

కొత్త నిబంధన మొదలయ్యేదే ఒక వంశావళితో! మత్తయి సువార్త అబ్రాహాము నుంచి యేసు దాకా తరాలను 14 చొప్పున మూడు భాగాలుగా చెబుతుంది. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువ ఉంది. దావీదు పేరులోని మూడు అక్షరాల విలువ 4, 6, 4. కూడితే 14! యేసు దావీదు వంశీయుడని చాటేందుకే ఈ లెక్క అని చాలామంది పండితుల అభిప్రాయం.

యూదులు బబులోను చెర నుంచి తిరిగొచ్చాక, వంశపత్రాలు చూపలేని కొన్ని యాజక కుటుంబాలను యాజకత్వం నుంచి తప్పించారని ఎజ్రా గ్రంథం చెబుతోంది. వంశానికి అంత విలువిచ్చే సమాజంలో మత్తయి తన పట్టికలో యేసు తల్లి మరియకు ముందు తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య అనే నలుగురు స్త్రీలను చేర్చాడు. వీరిలో రాహాబు యెరికో వాసి, రూతు మోయాబీయురాలు. పరాయివారికీ ఆ వంశంలో చోటుందన్నదే ఈ పేర్లు చెప్పే గొప్ప సత్యం.