చిన్న కట్ట - పెద్ద బాధ్యత

చెఱువుక్రింద సేద్యము చేయు రైతులకు కట్ట విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని కట్ట చిన్నదైనచో దానివలని యపాయమును చిన్నదే యను నమ్మకము మనలో పెక్కుమందికి గలదు. ఇది సరికాదని తెలుపుటకై అమెరికాలో రైతుల సొంత కట్టయొకటి తెగిన వృత్తాంతమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

కొలరాడో రాష్ట్రమునందలి రాకీ పర్వతములలో, సముద్రమట్టమునకు సుమారు 11,000 అడుగుల యెత్తున లాన్ లేక్ అను సరస్సు గలదు. దిగువ మైదానముల సేద్యమునకు నీరు నిలువచేయుటకై 1903వ సంవత్సరమున రైతుల సాగునీటి కంపెనీ యొకటి దానికి మట్టికట్ట వేయించెను. కట్ట యెత్తు 26 అడుగులు మాత్రమే. 1982వ సంవత్సరము జూలై 15వ తేదీ యుదయమున దానికి గండి పడెను. 674 ఎకరముల నేలపై అడుగు లోతున నిలుచునంత నీరు ఒక్కపెట్టున కొండవాలున దిగెను. దారిలోని 17 అడుగుల కాంక్రీటు కట్టయు ఆ తాకిడికి కూలెను. ముగ్గురు మరణించిరి. ఎస్టెస్ పార్కు పట్టణపు ప్రధాన వీథి నీట మునిగెను. చెత్త తీయువాఁడొకఁడు హోరు విని వెంటనే టెలిఫోనులో తెలియజేయుటచే దిగువవారిని హెచ్చరింప వీలయ్యెను.

ఇంతటి చేటునకు మూలమేమి? తూము గొట్టమునకును వాల్వునకును నడుమ అతుకులో పెట్టిన సీసము చెడెను. ఆ సందున కారిన నీరు గొట్టము చుట్టునున్న మట్టిని లోలోపల తినివేసెను. పరీక్షకులు తేల్చిన కారణమిదియే.

అమెరికాలో కట్టలను అపాయమునుబట్టి మూఁడు తరగతులుగ విభజింతురు. తెగినచో మనుష్యుల ప్రాణములు పోవునట్టిది అధికాపాయపు కట్ట. ప్రాణములు పోకున్నను బాటలకును, ఆస్తులకును గట్టి నష్టము కలిగించునది మధ్యమము. నష్టము చాలవఱకు యజమాని భూమికే పరిమితమగునది అల్పము. ఈ తరగతి కట్ట బాగోగులను తెలుపదు. కట్ట క్రింద నేమున్నదో తెలుపును. దృఢమైన క్రొత్తకట్టయైనను దిగువ ఇండ్లున్నచో అధికాపాయపుదే. నిన్న పొలములున్నచోట నేడు ఇండ్లు లేచినచో, కట్ట మాఱకయే తరగతి మాఱును.

జార్జియా రాష్ట్రమున నొక బైబిలు కళాశాలకు చెందిన కెల్లీ బార్న్స్ మట్టికట్ట 1977వ సంవత్సరము నవంబరు 6వ తేదీన తెగి, దిగువనున్న కళాశాల ఆవరణలో 39 మందిని బలిగొనెను. ఆ పిమ్మటనే, కేంద్ర ప్రభుత్వమునకు చెందని అధికాపాయపు కట్టలను పరీక్షింప ప్రెసిడెంటు కార్టరు ఉత్తరువిచ్చెను.

మన దేశమున 2021వ సంవత్సరపు ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లకు మించిన కట్టలకును, కొన్ని నిబంధనలకు లోబడి 10 మొదలు 15 మీటర్ల కట్టలకును వర్తించును. అంతకు చిన్నవగు సొంతకుంటల కట్టలు దాని పరిధిలోనికి రావు. కావున వాని కావలి యజమానిదే.

సభ్యులు వానలకు ముందును, వానలలోను, పిమ్మటను కట్ట వెంబడి నడచి చూడవలెను. దిగువన తేటనీటి యూట కనఁబడినచో దాని పరిమాణమును గుర్తుంచుకొని, పెరుగుచున్నదేమో కనిపెట్టవలెను. ఊట బురదగ మాఱినచో కట్టలోని మట్టి కొట్టుకొనిపోవుచున్నదని యెఱుఁగవలెను. అప్పుడు దిగువ ఇండ్లవారిని తక్షణమే హెచ్చరించి, ఇంజనీరును పిలువవలెను. కట్టపై చెట్లను మొలకలుగ నున్నప్పుడే తీయవలెను. పెద్దచెట్టు వేరు క్రుళ్లినచో నీటికి దారియగును. పందికొక్కు బొఱియలను పూడ్చవలెను. చేపలకొఱకు అలుగునకు అడ్డువేయుట మిక్కిలి ప్రమాదకరము. కట్టమీఁదుగ పొరలిన నీరు మట్టిని నిలువనీయదు.

కట్ట తెగినచో నీరు ఏ దారిని పోవును, ఆ దారిలో ఎన్ని గడపలున్నవి? ఈ రెండు ప్రశ్నలకును ప్రతి యజమానియు సమాధానము వ్రాసియుంచుకొని, ఏటేట సరిచూచుకొనవలెను. కట్ట యెత్తును కొలుచుటకన్న ఆ గడపలను లెక్కించుటయే ముఖ్యమని మా మనవి.