పొలం ఒడ్డు నుంచి బస్టాండు దాకా: మడత ట్రాలీ కొనేముందు ఏం చూడాలి?

ఈ వారం వీడియోలో ఐదు రకాల ట్రాలీలను మా చెల్కలో, వరి మడి ఒడ్డు మీద, మెదక్ పట్టణంలో సిమెంటు రోడ్డు మీద నడిపి చూపించాను. వీడియోలో చక్రం తిరగడం కనిపిస్తుంది గానీ లెక్కలు, కొలతలు చెప్పడానికి టైం సరిపోదు. అవి ఇక్కడ రాస్తున్నా. వీడియో చూసినవాళ్లు దీన్ని కూడా చదివి, ఆ తర్వాతే కొనండి.

ముందుగా ఒక్క మాట. ట్రాలీ మీద "150 కిలోలు మోస్తుంది" అని రాసి ఉంటే దాన్ని చూసి కొనకండి. మీ దారిని చూసి చక్రం కొనండి. ఈ వ్యాసం మొత్తం చెప్పేది ఇదే.

మనకు ట్రాలీతో ఏం పని?

ప్రకృతి వ్యవసాయంలో ఖర్చు తగ్గుతుంది గానీ మోత తగ్గదు. ఒక యూరియా బస్తా 45 కిలోలు. 2018 దాకా 50 ఉండేది, తర్వాత తగ్గించారు. మనం ఎకరానికి ఒకసారి ఇచ్చే జీవామృతం లెక్క చూడండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. అన్నీ కలిపితే 220 కిలోల దాకా తూగుతుంది. దీనికి తోడు ఘనజీవామృతం, ఆచ్ఛాదనకు వేసే గడ్డి, కషాయాల డబ్బాలు. ఇదంతా పొలంలోకి పోయే బరువు. తిరిగి వచ్చేటప్పుడు కూరగాయలు.

ఈ మోత ఎవరి నెత్తిన పడుతోంది? మన దగ్గర ఎక్కువగా ఆడవాళ్ల నెత్తినే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం వయసొచ్చిన మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదు, ఆడవాళ్లకు అంతకంటే బాగా తక్కువే పెట్టాలి. అది పైహద్దు మాత్రమే. రోజూ పొద్దున పదిసార్లు గంప ఎత్తి దించే మెడకు, నడుముకు 20 కిలోలైనా తక్కువేం కాదు.

మా పొలం లెక్క చెప్తా. చివరి మడి నుంచి ఆటో ఆగే చోటికి సుమారు 300 మీటర్లు. ఒక పొద్దున 120 కిలోల కూరగాయలు కోశామనుకోండి. 20 కిలోల గంపలైతే ఆరుసార్లు పోవాలి, ఆరుసార్లు రావాలి. మొత్తం 3,600 మీటర్ల నడక. 60 కిలోలు లాగే ట్రాలీ ఉంటే రెండు ట్రిప్పులు, 1,200 మీటర్లు. మిగిలే టైం కూడా చిన్నది కాదు. తెల్లవారుజామున కోసిన పాలకూర, మెంతికూర 7 గంటలకల్లా మెదక్‌లో కొనేవాళ్ల చేతికి చేరితే ఒక ధర, ఎండెక్కాక వాడిపోయి చేరితే ఇంకో ధర.

మొదటి పని: దారి కొలవండి

టేపు పట్టుకుని మీ దారి మొత్తం ఒకసారి నడవండి. నాలుగు విషయాలు రాసుకోండి.

1. అన్నిటికంటే సన్నని చోట ఒడ్డు ఎంత వెడల్పు ఉంది? ట్రాలీ రెండు చక్రాల బయటి అంచుల మధ్య కొలత దానికంటే కనీసం అర అడుగు తక్కువ ఉండాలి.
2. దారిలో ఎత్తైన అడ్డం ఏది? రాయి, పైపు, గడప, కాలువ గట్టు, ఏదైనా సరే. ఎన్ని అంగుళాలో చూడండి.
3. వానపడితే నేల ఎట్లా ఉంటది? ఎర్ర చెల్కనా, నల్ల రేగడా, ఇసుకనా?
4. పొలం దాటాక ట్రాలీ ఎందులో ఎక్కాలి? ఎక్స్ఎల్ బండా, ఆటోనా, బస్సా, రైలా?

వరి మడుల మధ్య ఒడ్డు అడుగు, అడుగున్నర మాత్రమే ఉంటే నాలుగు చక్రాల ట్రాలీ గురించి ఆలోచించకండి. అక్కడ ఒంటి చక్రం బండే నయం. చైనాలో పాతకాలం నుంచీ సన్నని దారుల మీద ఒంటి చక్రం బండ్లే నడిపారు. వాళ్లు పెద్ద చక్రాన్ని బండి మధ్యలో పెట్టి, బరువంతా దాని మీదే పడేట్టు చేశారు, అందుకే మనిషి చేతుల మీద భారం తక్కువ. మన దగ్గర తాపీ పనివాళ్లు వాడే బండిలో చక్రం ముందుంటుంది కాబట్టి బరువులో కొంత చేతుల మీద పడుతుంది. దాంట్లో సరుకును వీలైనంత ముందుకు, చక్రం వైపు సర్దండి.

చక్రం లెక్క

వీడియోలో చిన్న చక్రం రాయి దగ్గర ఆగిపోవడం చూశారు కదా. దానికి కారణం ఇది. చక్రం మీద 40 కిలోల బరువు ఉంది, 1 అంగుళం ఎత్తు రాయి అడ్డమొచ్చింది. ఆగిన చోటి నుంచి నేలకు సమాంతరంగా లాగి దాని మీదికి ఎక్కించాలంటే ఎంత బలం కావాలో చూడండి.

- 4 అంగుళాల చక్రానికి సుమారు 69 కిలోల బలం
- 6 అంగుళాల చక్రానికి సుమారు 45 కిలోలు
- 12 అంగుళాల చక్రానికి సుమారు 27 కిలోలు
- 16 అంగుళాల చక్రానికి సుమారు 22 కిలోలు

ఇక్కడ అంగుళాలంటే చక్రం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలత. 4 అంగుళాల చక్రంతో రాయి ఎక్కించే బదులు సరుకును చేత్తో ఎత్తి దాటించడమే సులువు. 12కు వస్తే ఒక మనిషి లాగగలడు. 12 నుంచి 16కు పోతే మిగిలేది తక్కువ, ట్రాలీ మాత్రం పెద్దదైపోతుంది, మడత పెట్టినా చోటు తింటుంది. అందుకే చెల్క దారులకు 10 నుంచి 12 అంగుళాల చక్రం సరైనదని నా అభిప్రాయం.

వెడల్పు కూడా ముఖ్యమే. సన్నని గట్టి ప్లాస్టిక్ చక్రం సిమెంటు మీద గలగలా పోతుంది గానీ తడి రేగడిలో కత్తిలా దిగబడుతుంది. ఇసుకలో కూడా అంతే. గాలి టైరు వెడల్పుగా ఉంటుంది, కుదుపు తగ్గిస్తుంది, టమాటాలు నలగవు. దాని బలహీనత తుమ్మ ముల్లు. మీ దారిలో సర్కారు తుమ్మ ఉంటే, లోపల గాలికి బదులు ఫోమ్ నింపిన టైరు తీసుకోండి. కొంచెం బరువెక్కువ గానీ పంక్చరు గొడవ ఉండదు. గాలి టైరే కావాలంటే దాని పక్కన రాసిన సైజు చూసి, ఆ ట్యూబు మీ ఊళ్లో దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఏ రకం ఎవరికి?

లగేజీ ట్రాలీ. రెండు చిన్న చక్రాలు, నిలువు కడ్డీ, రబ్బరు తాడు. ఒక క్రేటు లేదా ఒక సంచి. బస్సు దిగి కాలనీలో ఇంటింటికీ కూరగాయలు ఇచ్చేవాళ్లకు చాలు. పొలంలోకి తీసుకుపోవద్దు.

మెట్లెక్కే సంచి ట్రాలీ. రెండు వైపులా మూడేసి చిన్న చక్రాలు. అపార్ట్‌మెంటు మెట్లకు, రైలు స్టేషన్ మెట్లకు బాగుంటుంది. 2022లో మెదక్‌కు రైలు వచ్చాక హైదరాబాదు కస్టమర్లకు సరుకు పట్టుకుపోయేవాళ్లకు ఇది పనికొస్తుంది. మట్టి ఆ మూడు చక్రాల సందుల్లో ఇరుక్కుంటుంది, అదొక్కటే ఇబ్బంది.

మడిచే బస్తా ట్రాలీ. గోదాముల్లో బస్తాలు లాగేలాంటిదే, కింది పలక మడుస్తారు. చక్రం 10 అంగుళాలుంటే మనకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. రెండు క్రేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వెనక్కి వంచితే బరువు ఇరుసు మీదికి వస్తుంది. బరువైనది కిందే ఉండాలి. టమాటా క్రేటు కింద, ఆకుకూర పైన.

గుడ్డ తొట్టి బండి. నాలుగు చక్రాలు, ఒక్క గుంజుతో మడుస్తారు. చేతి మీద బరువు పడదు. బాట వెడల్పుగా, చదునుగా ఉంటే హాయి. దిగుడు దారిలో మాత్రం వెనక నుంచి తోసుకొస్తుంది, బ్రేకు లేనిది కొనకండి.

పలక ట్రాలీ. పిడి మాత్రమే మడుస్తారు, కింద 4, 5 అంగుళాల చక్రాలు. ప్యాకింగ్ షెడ్డులో, దుకాణంలో బంగారం. గడప దాటితే ఇనుప ముక్క.

పడవల వాళ్ల నుంచి ఒక పాఠం

విదేశాల్లో సొంత పడవలు పెట్టుకున్నవాళ్లు ఈ మడత ట్రాలీలను బాగా వాడతారు. కారు దూరంగా ఆగుతుంది, సరుకులు, నీళ్ల క్యాన్లు రేవు చివర దాకా లాగాలి, పడవలో చోటు ఉండదు కాబట్టి ట్రాలీ మడిచి మూల పెట్టాలి. ఉప్పునీళ్లకు ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి వాళ్లు ముందు చూసేది బోల్టులు, ఇరుసు.

మన గోదావరి లంకల రైతులదీ ఇదే బాధ. కూరగాయలు, అరటి గెలలు పడవ మీద దాటించాక రేవులో ఇసుక ఏటవాలు ఎక్కించాలి. అక్కడ సన్న చక్రం పనిచేయదు, గాలి కొంచెం తగ్గించిన వెడల్పు టైరే కావాలి. మన ఏడుపాయల దగ్గర కూడా అంతే. మంజీర ఏడు పాయలుగా చీలే ఆ చోట శివరాత్రి జాతరకు పండ్లు, దోసకాయలు అమ్మబోతే, బండి దూరంగా ఆపి జనంలోంచి సరుకు లాక్కుపోవాలి. ఇసుక, బండరాళ్లు రెండూ తగులుతాయి.

మనకు ఉప్పునీళ్లు లేవు గానీ మూత్రం ఉంది. జీవామృతం ఒలికి ఎండితే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పెయింటు గట్టిగా ఉన్నదో, బోల్టులు తుప్పు పట్టనివో చూడండి.

జీవామృతం మోసేటప్పుడు

200 లీటర్ల డ్రమ్మును ఏ మడత ట్రాలీ మీదా పెట్టకండి. ఒరిగితే కాలు పోతుంది. వడకట్టిన జీవామృతాన్ని 20 లీటర్ల క్యాన్లలో పోసి, ట్రిప్పుకు రెండు లేదా మూడు కట్టండి. సగం నింపిన క్యానులో ద్రవం అటూ ఇటూ కొట్టుకుని ట్రాలీని పక్కకు లాగుతుంది. మెడ దాకా నింపండి గానీ మూత మరీ బిగించకండి. పులిసేటప్పుడు గ్యాసు వస్తుంది.

ఇంకోటి గట్టిగా చెప్తున్నా. పేడ, మూత్రం మోసిన ట్రాలీ మీద కడగకుండా ఆకుకూరలు పెట్టకండి. పచ్చిగా తినే కొత్తిమీర, దోస, టమాటాకు పేడ నీళ్లు తగలకూడదు. విషం లేని తిండి అని నమ్మి మన దగ్గర కొంటున్నారు. గుడ్డ తొట్టి బండి అయితే రెండింటికీ వేరువేరు పరుపు షీట్లు పెట్టుకోండి, కలపకండి.

దుకాణంలో పది నిమిషాల పరీక్ష

- రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు అడిగి ఎక్కించండి. 40 కిలోలు అవుతాయి. దుకాణం గడప దాటించి, రోడ్డు మీద గుంతలో దింపి ఎక్కించండి.
- ఇంట్లో ఎవరు ఎక్కువ వాడతారో వాళ్లతోనే లాగించండి. పిడి పొట్టిగా ఉంటే నడుము వంగుతుంది, ట్రాలీ కొన్న లాభం పోతుంది.
- చక్రాన్ని పట్టుకుని పక్కకు ఊపండి. లొడలొడ ఉంటే ఇరుసు బలహీనం. లోపల బేరింగ్ ఉందా, ఉత్త ప్లాస్టిక్ గొట్టమా అడగండి.
- మడిచి, తెరిచి చూడండి. మట్టి చేతులతో, ఒక్కరే చేయగలగాలి. తెరిచాక లాక్ పడుతోందా చూడండి.
- మడిచాక కొలవండి. మీ ఎక్స్ఎల్ ముందు భాగంలో పడుతుందా? ఖాళీ ట్రాలీ బరువు ఎంత? 10 కిలోలు దాటితే బస్సెక్కించడం కష్టం.
- రాసిన సామర్థ్యంలో సగమే మీ లెక్కలో వేసుకోండి. ఆ అంకె చదునైన నేలకు. గుంతలో పడ్డప్పుడు బరువు దెబ్బలా తగులుతుంది.

డబ్బు సంగతి

ఈ మధ్య నేను చూసిన ధరల్లో లగేజీ ట్రాలీ వెయ్యి రూపాయల అటూ ఇటూ, మంచి చక్రాలున్న బస్తా ట్రాలీ, గుడ్డ తొట్టి బండి నాలుగు వేల నుంచి ఎనిమిది వేల దాకా ఉన్నాయి. ఎకరం, రెండెకరాల రైతుకు అది చిన్న మొత్తం కాదు. రోజూ పొద్దున కోత లేకపోతే ముగ్గురు నలుగురు పక్కపక్క రైతులు కలిసి ఒకటి కొనుక్కోండి. మహిళా సంఘం పేరు మీద కొని వంతులు పెట్టుకున్నా మంచిదే. మడత అవసరం లేదు, పొలంలోనే ఉంటుంది అనుకుంటే వెల్డింగ్ షాపులో రెండు పాత సైకిల్ చక్రాలతో బండి చేయించుకోండి. పెద్ద చక్రం కాబట్టి రాళ్ల మీద ఏ కొన్న ట్రాలీకన్నా సులువుగా పోతుంది. పక్కకు ఒరిగితే సైకిల్ పుల్లలు వంగుతాయి, 50 కిలోల లోపే వేయండి.

కొన్నాక

జీవామృతం మోసిన ప్రతిసారీ నీళ్లతో కడగండి. వారానికోసారి ఇరుసుకు గ్రీజు, మడత కీళ్లకు నూనె చుక్క. నెలకోసారి బోల్టులు, ఇరుసు చివరి పిన్ను చూడండి. పిన్ను ఊడితే చక్రం దారిలోనే జారిపోతుంది, రెండు పిన్నులు ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి. గాలి టైరును ఎండలో వదలకండి.

ఇంకా ఏది కొనాలో తేలకపోతే నాలుగు కొలతలు పంపండి. ఒడ్డు వెడల్పు, ఎత్తైన అడ్డం, నేల రకం, ఒక పొద్దున మోసే కిలోలు. ఈ నాలుగూ తెలిస్తే ఏ చక్రమో చెప్పొచ్చు. వచ్చే వారం వీడియోలో, సైకిల్ చక్రాల బండిని వెల్డింగ్ షాపులో ఏ కొలతలతో చేయించాలో చూపిస్తాను.