ఇఐఎఫ్2బి ఉత్తేజకాలు

ఇఐఎఫ్2బి ఉత్తేజకాలు అనగా జీవకణంలో మాంసకృత్తుల (ప్రోటీన్ల) తయారీ ఆరంభానికి తోడ్పడే ఇఐఎఫ్2బి అనే ప్రోటీను పనిని పెంచే రసాయన పదార్థాలు. వీటిలో బాగా తెలిసినది ఇస్రిబ్. మెదడులోని తెల్లని పదార్థం నశించే ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధికి ఇవి మందులు కాగలవా అనే విషయమై పరిశోధనలు జరిగాయి.

ప్రోటీన్ల తయారీలో పాత్ర

ప్రోటీన్లు రైబోజోములపై తయారవుతాయి. తయారీకి కావలసిన మొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్‌ను, దానిని మోసే టీ-ఆర్ఎన్ఏతో సహా రైబోజోముకు చేర్చేది ఇఐఎఫ్2. ఇందుకు ఇఐఎఫ్2తో జీటీపీ అనే అణువు కలిసి ఉండాలి. పని ముగిసేసరికి జీటీపీ జీడీపీగా మారుతుంది. ఆ జీడీపీని తొలగించి మరల జీటీపీ చేరేటట్లు చేసేది ఇఐఎఫ్2బి. ఇది ఐదు రకాల ఉపభాగాలు రెండేసి చొప్పున కలిసి ఏర్పడిన ప్రోటీను.

నిరోధం

వైరస్ సోకినప్పుడు, అమైనో ఆమ్లాలు కొరవడినప్పుడు కొన్ని ఎంజైములు ఇఐఎఫ్2 ఆల్ఫా ఉపభాగంలోని 51వ స్థానపు సెరీన్‌కు ఫాస్ఫేటును చేరుస్తాయి. ఇట్టి ఇఐఎఫ్2, ఇఐఎఫ్2బి పనిని అడ్డుకొంటుంది. కణంలో ఇఐఎఫ్2 కంటే ఇఐఎఫ్2బి తక్కువగా ఉంటుంది. కనుక కొంత ఇఐఎఫ్2కు ఫాస్ఫేటు చేరినా ప్రోటీన్ల తయారీ బాగా మందగిస్తుంది. ఇది కణానికి రక్షణ, కాని దీర్ఘకాలం కొనసాగితే హానికరం.

కుందేలు రెటిక్యులోసైట్ల (ముదరని ఎర్ర రక్తకణాల) సారంలో హీమ్ లోపిస్తే ఇదే జరుగుతుంది. హీమిన్‌ను కలిపితే ఫాస్ఫేటును చేర్చే ఎంజైము ఆగి తయారీ కొనసాగుతుంది. అయితే హీమిన్ ఇఐఎఫ్2బిని నేరుగా ఉత్తేజపరచదు.

ఈ నిరోధంపై హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన జీవరసాయన శాస్త్రవేత్త కొల్లూరు వి. ఎ. రామయ్య పరిశోధనలు చేశారు. ఆల్ఫా ఉపభాగంలో మార్పు చేసిన ఇఐఎఫ్2 ఉన్న కణాలలో ఇఐఎఫ్2బి నిరోధం తగ్గుతుందని ఆయన, సహ పరిశోధకులు 1994లో ప్రకటించారు.

ఇస్రిబ్

ఇస్రిబ్‌ను గురించి 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాన్‌ఫ్రాన్సిస్కో)లోని పీటర్ వాల్టర్ బృందం ప్రకటించింది. ఇది ఎలుకలలో జ్ఞాపకశక్తిని పెంచినట్లు ఆ బృందం తెలిపింది. ఇది పనిచేసేది ఇఐఎఫ్2బిపైననే అని 2015లో తేలింది. ఇఐఎఫ్2బి రెండు సగాలు కలిసే చోట ఇస్రిబ్ ఇమిడి, వాటిని జతగా పట్టి ఉంచుతుందని 2018లో నిర్మాణ చిత్రాలు చూపాయి. ఫాస్ఫేటు చేరిన ఇఐఎఫ్2 మరీ ఎక్కువైతే మాత్రం ఇది పనిచేయదు. కావున కణపు రక్షణ వ్యవస్థను ఇది పూర్తిగా తొలగించదు.

వైద్యంలో

ఇఐఎఫ్2బి ఐదు జన్యువులలో దేనిలో లోపం ఉన్నా వానిషింగ్ వైట్ మ్యాటర్ వ్యాధి రావచ్చును. ఇది ఎక్కువగా పిల్లలలో కనిపిస్తుంది. జ్వరం, తలకు తగిలిన చిన్న దెబ్బ తరువాత కూడా ఒక్కసారిగా ముదురుతుంది. ఈ వ్యాధి గల ఎలుకలలో టూ-బి-యాక్ట్ అనే ఉత్తేజకం నాడీ లోపాలను నివారించినట్లు 2019లో ప్రకటించారు.

ఎ.ఎల్.ఎస్. అనే నాడీ వ్యాధికి జరిపిన పరీక్షలలో మాత్రం ఫోసిగోటిఫేటర్, డీఎన్ఎల్343 అనే ఉత్తేజకాలు ప్రధాన లక్ష్యాన్ని చేరలేదని 2025 జనవరిలో వెల్లడైంది. ఎలుకలలో కలిగిన మేలు మనుషులలోనూ కలుగుతుందని ముందుగా చెప్పలేమని దీనివలన తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

రైబోజోము
అమైనో ఆమ్లము
హీమోగ్లోబిన్