నీలమైతే నిశ్చింత!

పిల్లాడికి మళ్లీ జ్వరం. పోయిన నెలలోనే మెడ దగ్గర గడ్డ కోసి చీము తీశారు. అంతకుముందు న్యుమోనియాతో వారంరోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. రక్తపరీక్ష చేయిస్తే తెల్లరక్తకణాలకు లోటేమీ లేదు. మరి... ఇంత సైన్యం ఉన్నా శత్రువు ఎలా గెలుస్తున్నాడు?

మామూలు రక్తపరీక్ష సైనికుల తలలు మాత్రమే లెక్కపెడుతుంది. వాళ్ల చేతిలో ఆయుధం ఉందో లేదో చెప్పదు. అది తేల్చడానికి వేరే పరీక్షలున్నాయి.

ఆక్సిజనే ఆయుధం

ఫ్రీరాడికల్స్ అనగానే అవి ఒంటికి శత్రువులని వింటుంటాం. మోతాదు మించితే కణాలను దెబ్బతీసే మాట నిజమే. దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. కానీ అదే సరుకును మన శరీరం కావాలని తయారుచేసుకునే చోటు ఒకటుంది... న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు! సూక్ష్మజీవిని మింగగానే వాటిలోని ఒక ఎంజైమ్ ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్‌గా మారుస్తుంది. అందులోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆ ధాటికి చాలా క్రిములు చస్తాయి. తెల్లరక్తకణాలు సూపరాక్సైడ్‌ను తయారుచేస్తాయని 1973లో బెర్నార్డ్ బాబియర్ బృందం నిరూపించింది.

జన్యులోపం వల్ల ఆ ఎంజైమ్ పనిచేయకపోతే? కణం క్రిమిని మింగుతుంది, చంపలేదు. ఈ అరుదైన జబ్బు పేరు క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్. సుమారు రెండు లక్షల మందిలో ఒకరికి వస్తుంది. 1950ల్లో అమెరికా వైద్యులు దీన్ని గుర్తించినప్పుడు, పసివాళ్ల ప్రాణం తీసే జబ్బుగానే లెక్కగట్టారు.

పసుపు... నీలం!

1968లో రాబర్ట్ బేనర్, డేవిడ్ నేథన్ ఈ జబ్బును పట్టుకునేందుకు ఒక రంగు పరీక్షను అందించారు. ఎన్‌బీటీ అనేది లేత పసుపు రంగు ద్రావణం. సూపరాక్సైడ్ తగిలితే ముదురు నీలంగా మారుతుంది. రక్తంలో దీన్ని కలిపి, న్యూట్రోఫిల్స్‌ను రెచ్చగొట్టి మైక్రోస్కోపులో చూస్తారు. ఆరోగ్యవంతుల కణాల్లో నీలిరంగు ముద్దలు కనిపిస్తాయి. జబ్బున్న బిడ్డవి రంగు మారవు.

విచిత్రమేంటంటే, చాలా సందర్భాల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందుకే బాధితుల్లో మగపిల్లలే ఎక్కువ. అలాంటి బిడ్డ తల్లి రక్తం చూస్తే సాధారణంగా కొన్ని కణాలు నీలంగా, కొన్ని మామూలుగా ఉంటాయి. బిడ్డకు జబ్బు ఎటునుంచి వచ్చిందో ఆ రెండు రంగులే చెప్పేస్తాయి. అందులో తల్లి తప్పేమీ లేదు. తర్వాతి కాన్పు ముందు జాగ్రత్తపడటానికి ఆ సమాచారం పనికొస్తుంది.

కంటితో లెక్కపెట్టడంలో పొరపాట్లు జరగొచ్చు. అందుకే ఇప్పుడు డీహెచ్ఆర్ పరీక్షకే ప్రాధాన్యం. హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారైతే ఈ రసాయనం ఆకుపచ్చగా మెరుస్తుంది. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం వేల కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో పరీక్షించి లెక్క తేలుస్తుంది. ఒక్కటే షరతు... రక్తం తాజాగా ఉండాలి. దూరం పంపేటప్పుడు పోల్చి చూసేందుకు ఆరోగ్యవంతుడి రక్తాన్ని కూడా జతచేస్తారు. మనదేశంలో చండీగఢ్ పీజీఐ, ముంబయిలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునోహెమటాలజీ వంటి సంస్థల్లో ఈ పరీక్ష ఉంది.

ఎవరికి అవసరం?

తరచూ జలుబు చేసే పిల్లలందరికీ ఇవి అక్కర్లేదు. పదేపదే న్యుమోనియా వస్తున్నా, కాలేయంలోనో లింఫు గ్రంథుల్లోనో చీముగడ్డలు కడుతున్నా, బీసీజీ టీకా తర్వాత చంకలో గడ్డలు చీముపట్టి ఎంతకీ మానకపోయినా, మేనమామలెవరైనా చిన్నతనంలోనే ఇన్ఫెక్షన్లతో చనిపోయినా... ఆ సంగతులన్నీ డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఎందుకంటే, జబ్బు పేరు తెలిస్తే దారి ఉంది. బ్యాక్టీరియా, ఫంగస్ సోకకుండా రోజూ మందులిస్తారు. పేడకుప్పలు, కుళ్లిన ఆకులు, పాత గడ్డివాముల దగ్గరికి పిల్లాణ్ని పోనివ్వొద్దంటారు. వాటిలోని బూజు ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాపాయం. సరిపోయే దాత దొరికితే మూలకణాల మార్పిడితో జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశమూ ఉంది.

ఏళ్ల తరబడి 'ఎందుకిలా?' అని కుమిలిపోయే అమ్మానాన్నలకు కొద్దిపాటి రక్తం ఇచ్చే సమాధానమిది. ఆ సమాధానం ఎంత త్వరగా అందితే, ఆ బిడ్డకు అంత మేలు!